గిన్నె మీద పేరు మాది, మొదటి స్థానం వాళ్ళది

(తెలుగులో సొంత సైట్లు నడుపుకునేవాళ్ళం కొందరం కలిసిన సాయంత్రం, గూగుల్‌లో వెతికితే నకలు అసలుకంటే పైన ఎందుకు వస్తుందన్నదాని మీద మాలో ఒకావిడ మాట్లాడింది. రికార్డింగు విని రాసినది. దగ్గులూ, టీ కప్పుల చప్పుళ్ళూ తీసేశాం.)

వెనకాల వినపడుతోందా అండీ? సరే. నాకు ఇరవై నిమిషాలన్నారు, నేను కచ్చితంగా దాటుతాను, ముందే చెప్తున్నాను.

ఒక గిన్నెతో మొదలుపెడతాను. మనిళ్ళల్లో స్టీలు సామాను మీద పేరు కొట్టిస్తాం కదా, ఫలానావారు ఇచ్చినది, గృహప్రవేశం, తేదీ, అన్నీ చుక్కలు చుక్కలుగా. మా ఇంట్లో అలాంటి పెద్ద గిన్నె ఒకటుంది, మా మేనత్త ఇచ్చింది, అంచు మీద ఆవిడ పేరుంటుంది. మా అమ్మ ఆవకాయ ఎప్పుడూ దాంట్లోనే కలుపుతుంది. 2018లో నేను నా సైటులో ఆవకాయ కొలతల మీద ఒక పెద్ద వ్యాసం రాసినప్పుడు ఫోటోలో ఆ గిన్నె పడింది, మా అమ్మ చెయ్యి కూడా పడింది.

మూడేళ్ళ తర్వాత ఒకరోజు మా మేనత్త ఫోన్ చేసి, "ఏమే, నా గిన్నె ఎవరింటికి వెళ్ళిందే?" అంది. నాకు అర్థం కాలేదు. ఆవిడ ఫోనులో ఆవకాయ కొలతలు వెతికితే మొట్టమొదట వచ్చిన పేజీ తెరిచిందట, అందులో తన గిన్నె ఉంది. ఆ సైటు నాది కాదు. నాది ఎక్కడుందా అని చూస్తే మొదటి పేజీలో లేదు, రెండో పేజీలో లేదు, అసలు కనపడలేదు.

ఫోటో కింద నా సైటు పేరు ఉండేది, అది కత్తిరించేశారు. గిన్నె మీద పేరు కత్తిరించాలంటే ఆవకాయని కూడా కత్తిరించాలి, అందుకని వదిలేశారు. (నవ్వులు) వ్యాసమంతా ఉన్నదున్నట్టు దింపేశారు, "మా అమ్మ తెనాలిలో పెరిగినప్పుడు" అన్న వాక్యంతో సహా. అంటే ఆ సైటాయనకీ నాకూ అమ్మ ఒక్కరే అన్నమాట. మొత్తం మీద ఒక్క మాట మార్చారు. నేను "జాడీకి వాసెన కట్టాలి" అని రాశాను, మూతికి గుడ్డ చుట్టి తాడుతో కడతాం కదా, అది. ఆయన దాన్ని అచ్చుతప్పు అనుకుని దిద్దాడు. "జాడీకి వాసన కట్టాలి" అట. వాసన ఎలా కడతారో ఆయన్నే అడగాలి.

ఇంతకీ నాకెందుకంత బాధ కలిగిందో చెప్తాను, ఎందుకంటే ఆవకాయ నా సొత్తు కాదు. ఆ మాట దగ్గర నిజాయితీగా ఉండాలి. మా అమ్మమ్మ గిద్దలు, సోలలు, తవ్వలు అనే లెక్కలో చెప్పేది, నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ. ఇప్పుడు అమెరికాలో ఉన్న మా చెల్లెలికి సోల అంటే ఏం తెలుసు, దానికి గ్రాముల్లో కావాలి. పైగా సోలెడు కారం బరువు, సోలెడు ఉప్పు బరువు, సోలెడు ఆవపిండి బరువు ఒకటి కావు, ఆవపిండి ఎంత మెత్తగా కొట్టారన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. మూడు వేసవులు మా అమ్మ పక్కన కూర్చుని, ఆవిడ వేసిన ప్రతి సోలనీ మళ్ళీ కాటా మీద పెట్టి తూచి రాసుకున్నాను. ఆవిడ విసుక్కునేది, "వంటా, బంగారం కొట్టా?" అని. ఆ తూకం నా కష్టం. అది చెప్పిన తీరు నాది, ఫోటో నాది. కొలత మాత్రం ఊరందరిదీ.

చట్టం కూడా సుమారుగా ఇదే మాట చెప్తుంది. 1978లో సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది, ఆలోచన మీద కాపీరైట్ ఉండదు, దాన్ని వ్యక్తం చేసిన రూపం మీద ఉంటుంది అని. ఈ తేడా తెలియక నేను మొదటి ఫిర్యాదు పాడుచేసుకున్నాను, అది తర్వాత చెప్తాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. ముందు రాసింది నేనైతే, వాళ్ళది పైన ఎందుకు వచ్చింది? మనందరికీ మనసులో ఒక నమ్మకం ఉంటుంది, గూగుల్ లాంటి ఆ వెతికే యంత్రానికి అన్నీ తెలుసు కాబట్టి అసలు ఏదో నకలు ఏదో కూడా తెలుస్తుంది అని. తెలియదండీ. దానికి తెలిసేదల్లా ఈ రెండూ ఒకటే అని. అది మాత్రం చాలా బాగా తెలుసు. 1997లోనే ఆండ్రే బ్రోడర్, ఆయనతో పనిచేసినవాళ్ళు దీనికి దారి చూపించారు. పేజీలోని మాటల్ని వరసగా నాలుగైదు చొప్పున ముక్కలుగా తీసుకుని, ఇంటి పైకప్పు పెంకుల్లాగా ఒకదాని మీద ఒకటి కొంచెం కొంచెం ఎక్కేలా పేర్చి, రెండు పేజీల్లో ఎన్ని పెంకులు కలిశాయో చూడటం. పెంకులన్న మాట నాది కాదు, వాళ్ళు పెట్టుకున్న పేరే అది, షింగిల్స్. తర్వాత 2007లో గూగుల్, స్టాన్‌ఫర్డ్ వాళ్ళు కలిసి రాసిన పేపరులో ఒక్కో పేజీకి 64 బిట్ల వేలిముద్ర, అంటే 64 సున్నాలూ ఒకట్లూ ఉన్న ఒక వరస, తీసి, ఆ 64లో మూడు బిట్లకి మించి తేడా లేకపోతే రెండూ దాదాపు ఒకటే అనుకోవచ్చన్నారు. 800 కోట్ల పేజీల మీద అది పనిచేస్తుందని చూపించారు.

బాగానే ఉంది. కానీ వేలిముద్ర చూస్తే రెండూ ఒకటే అని తెలుస్తుంది, ఎవరిది ముందో తెలియదు కదా. పేజీ మీద వేసుకున్న తేదీ చూడొచ్చు కదా అంటారు. తేదీదేముంది, నేను ఇవాళ రాసి 2009 అని వేసుకుంటే ఎవరాపుతారు? దానికి ఖాయంగా తెలిసిన తేదీ ఒక్కటే, తను ఆ పేజీని మొదటిసారి ఎప్పుడు చూసింది అన్నది.

ఇలా అనుకోండి. ఊళ్ళో ఇద్దరు ఒకే ఆవు దగ్గర నిలబడి నాదంటే నాదని కొట్టుకుంటున్నారు. పెద్దమనిషి ఏం చేస్తాడు, నేను ముందుగా ఎవరి పెరట్లో చూశాను అని గుర్తు చేసుకుంటాడు, ఊళ్ళో పదిమంది ఎవరి పేరు చెప్తున్నారు అని అడుగుతాడు. ఆ పెద్దమనిషి మీ వీధికి నెలకోసారి వచ్చి, వాళ్ళ వీధికి రోజుకి నాలుగుసార్లు వెళ్తుంటే? మీరు ఆదివారం రాసింది వాళ్ళు సోమవారం ఎత్తుకెళ్ళి కట్టేసుకుంటే, ఆయన మంగళవారం చూసేది వాళ్ళ పెరట్లోనే. చిన్న సైటుకీ పెద్ద సైటుకీ తేడా అక్కడ మొదలవుతుంది. రోజుకి వంద పేజీలు వేసే సైటుకి పేజీలు చూసి రావడానికి గూగుల్ పంపే రోబో, అదే మన పెద్దమనిషి, మాటిమాటికీ వస్తుంది, నెలకి ఒకటి రాసే నా దగ్గరికి ఎందుకొస్తుంది?

తర్వాత, ఒకేలా ఉన్న పేజీలన్నిటినీ ఒక కట్ట కట్టి, అందులోంచి ఒక్కదాన్ని ప్రతినిధిగా ఎంచుకుంటుంది. దాన్నే కెనానికల్ అంటారు. మిగతావాటిని దాచేస్తుంది, శిక్షగా కూడా కాదు, పది ఒకే రకం పేజీలు చూపిస్తే చదివేవాడు విసుక్కుంటాడని. "డూప్లికేట్ పెనాల్టీ పడింది" అని మనవాళ్ళు ఎక్కువమంది అంటారు చూడండి, చాలాసార్లు అక్కడ పెనాల్టీ ఏమీ ఉండదు, మిమ్మల్ని ప్రతినిధిగా ఎన్నుకోలేదు, అంతే. అయినా అనుభవించేవాడికి రెండూ ఒకటేలెండి.

ఈ గొడవ మన తెలుగువాళ్ళదే అనుకోకండి. 2011 జనవరిలో స్టాక్ ఓవర్‌ఫ్లో పెట్టినవాళ్ళలో ఒకరైన జెఫ్ ఆట్‌వుడ్ బాహాటంగా మొత్తుకున్నాడు. ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగి జవాబులు చెప్పుకునే సైటు అది, లోపలి విషయమంతా క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటుంది, అంటే పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు. వాడుకున్నవాళ్ళు దాన్ని మొత్తం దింపి, చుట్టూ ప్రకటనలు పెట్టి, అసలు సైటుకంటే పైన కూర్చున్నారు. అంత పెద్ద సైటుకే దిక్కు లేకపోయింది. ఆ నెలాఖర్లో గూగుల్‌లో స్పామ్ సంగతి చూసే మాట్ కట్స్ ఒక మార్పు వచ్చిందని ప్రకటించాడు, నకళ్ళకంటే అసలు రాసినవాళ్ళు పైకి రావడానికి. వెతుకులాటల్లో 2 శాతానికి కాస్త పైగా దాని ప్రభావం ఉందనీ, మనిషి కంటికి తేడా తెలిసేవి అర శాతం కూడా ఉండవనీ ఆయనే చెప్పాడు.

తర్వాతి నెలలోనే గూగుల్‌లో పాండా అనే ఇంకో మార్పు వచ్చింది. జంతువు పేరు కాదండీ, పాండా అనే ఇంజనీరు పేరు. అమెరికాలో 11.8 శాతం వెతుకులాటల మీద ప్రభావం అన్నారు. నాసిరకం సైట్లని దించడం దాని పని, పేజీ పేజీ చూడకుండా సైటు మొత్తానికి ఒక మచ్చ వేసినట్టు ఉండేది. దాంతో ఒక విచిత్రం జరిగింది, పాండా దెబ్బ తిన్న సైట్లవాళ్ళు కొందరు, మా సొంత వ్యాసాలకే మా నకళ్ళు పైన వస్తున్నాయని గోల పెట్టారు. అసలుకి మచ్చ పడింది, నకలుకి ఇంకా పడలేదు. అంతేకదా మరి.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 2014 ఫిబ్రవరిలో అదే మాట్ కట్స్, నకలు అసలుకంటే పైన కనిపిస్తే ఈ ఫారంలో మాకు చెప్పండి అని ట్విట్టర్లో పెట్టాడు. ఒకాయన వెంటనే ఒక స్క్రీన్‌షాట్ పెట్టాడు, నాకొకటి దొరికింది మాట్ అని. ఏముంది అందులో? గూగుల్ తన ఫలితాల పైన వేసుకున్న నిర్వచనం పెట్టె. దాంట్లో ఉన్నది వికీపీడియా వాక్యం. కింద అసలు వికీపీడియా పేజీ. (నవ్వులు) ఫిర్యాదు పెట్టె పెట్టినవాడే మొదటి ముద్దాయి.

మన తెలుగుకి మాత్రమే ఉన్న గోల ఇంకొకటుంది, మీలో నలభై దాటినవాళ్ళకి గుర్తుంటుంది. ఒకప్పుడు తెలుగు పత్రికల సైట్లు చాలావరకూ సొంత ఫాంట్లలో ఉండేవి. తెర మీద తెలుగు అక్షరాలు కనపడేవి, లోపల ఉన్నది మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ, కొక్కిరి గుర్తులూ. ఆ ఫాంటు లేకపోతే మనకే చదవడం రాదు, ఇక యంత్రానికి ఏం వస్తుంది. ఫైర్‌ఫాక్సు బ్రౌజరులో పద్మ అని ఒక ఎక్స్‌టెన్షన్ ఉండేది, ఆ పాత ఫాంట్లని యూనికోడులోకి, అంటే ఏ యంత్రమైనా చదవగలిగే తెలుగులోకి, మార్చి చూపించేది. మాకది ప్రాణం. సరే, ఇప్పుడు ఆలోచించండి. ఎవరో ఒకరు ఆ పత్రికలో వ్యాసాన్ని యూనికోడులోకి మార్చి తన పేజీలో పెట్టుకుంటే, వెతికే యంత్రం లెక్కలో ఆ వ్యాసం పుట్టింది అక్కడే. అసలు దగ్గర ఉన్నది దానికి భాషే కాదు. నకలుకి వేలిముద్ర ఉంది, అసలుకి వేళ్ళే లేవు. అలా ఇంటర్నెట్లో తెలుగు కొన్నేళ్ళపాటు కాపీ కొట్టినవాళ్ళ దయ వల్లే వెతికితే దొరికింది. నేను కూడా అప్పట్లో రెండు మూడు కథలు అలా మార్చి పెట్టాను, పేరు వేశాననుకోండి, కానీ అడగలేదు. ఒప్పుకుంటున్నాను.

మళ్ళీ నా ఆవకాయ దగ్గరికి. కోపంగా ఉన్నప్పుడు మనిషి చేసే మొదటి పని, తన వాక్యాన్ని కొటేషన్లలో పెట్టి వెతకడం. నేనూ చేశాను, రాత్రి రెండింటిదాకా. ఒక్కొక్క వాక్యం పెట్టడం, వాళ్ళది పైన రావడం, బీపీ పెరగడం. దానివల్ల ఏమీ తెలియదు. మీ వాక్యాన్ని యథాతథంగా వెతికేది ప్రపంచంలో మీరొక్కరే. జనం "ఆవకాయ కొలతలు" అని వెతుకుతారు, అక్కడ ఎక్కడున్నారో చూసుకోండి. సైటు నడిపేవాళ్ళ కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో మీ పేజీ అడ్రసు ఇచ్చి తనిఖీ చేసే చోటు ఉంది, అందులో మీరు చెప్పిన కెనానికల్ ఏదో, వాళ్ళు ఎంచుకున్న కెనానికల్ ఏదో పక్కపక్కనే చూపిస్తుంది. నాకు ఆ సంగతి మా అబ్బాయి చెప్తే తెలిసింది. తెరిచి చూస్తే, నా వ్యాసానికి ప్రతినిధి పేజీ అని దొంగ సైటు అడ్రసు ఉంది. నా ఇంటి కాగితాల్లో యజమాని పేరు అద్దెకున్నవాడిది రాసి ఉన్నట్టు.

ఎందుకు అలా అయిందని వారం రోజులు తవ్వితే, తప్పు నాది. ఇది చెప్పడానికే నిజానికి ఇవాళ ఒప్పుకుని వచ్చాను. 2020లో నేను సైటు అడ్రసు మార్చాను. పాత పేరు పొడుగ్గా ఉంది, మంచి పేరు దొరికింది, కొనేశాను, వ్యాసాలన్నీ కొత్త చోటికి ఎక్కించాను, పాతది వదిలేశాను. పాత అడ్రసు నుంచి కొత్తదానికి దారి మళ్ళించాలి, 301 అంటారు, అది పెట్టలేదు. పెట్టాలని కూడా తెలియదు. ఇల్లు మారి పోస్టాఫీసులో చెప్పనట్టు. పాత ఇల్లు కొన్నాళ్ళకి కూలిపోయింది, నేను 2018లో రాసినట్టు సాక్ష్యం చెప్పే పేజీ పోయింది. కొత్త ఇంట్లో ఉన్న వ్యాసం ఆ పెద్దమనిషికి 2020లో పుట్టింది. దొంగ సైటు 2019లో ఎత్తుకెళ్ళింది. ఇప్పుడు చెప్పండి, ఆయన లెక్కలో ఎవరు ఎవర్ని కాపీ కొట్టారు?

నేనే. (నవ్వులు) నేనే దొంగని.

అదృష్టం ఏమిటంటే పాత పేరు ఇంకా ఎవరూ కొనలేదు. మళ్ళీ డబ్బు కట్టి కొని, పేజీ పేజీకీ దారి మళ్ళింపు పెట్టించాను. పాత అడ్రసుకి ఇతర సైట్ల నుంచి లింకులు ఉండేవి, అవన్నీ మళ్ళీ నా దగ్గరికి వచ్చాయి. రెండు నెలలు పట్టింది, కానీ సగం రోగం అక్కడే తగ్గింది.

మిగతా సగం గూగుల్‌కి ఫిర్యాదు. మొదటిసారి నేను ఆవేశంగా ఒక పేజీ ఉత్తరం రాశాను, మా అమ్మ చేసే ఆవకాయ వాళ్ళు దొంగిలించారు అని, సైటు హోం పేజీ లింకు ఇచ్చాను. తిప్పి పంపారు. పంపరా మరి, ఆవకాయ మీద నాకేం హక్కుంది. రెండోసారి ఒక్కో పేజీ లింకు విడిగా ఇచ్చి, నా పేజీలో ఏ పేరాలు, వాళ్ళ పేజీలో ఏ పేరాలు అని చూపించి, పాత పేజీల నకళ్ళు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వేబ్యాక్ మెషీన్లో నా పాత సైటు 2018 నాటి రూపం దొరికితే ఆ లింకు కూడా పెట్టాను. పది రోజుల్లో ఫలితాల్లోంచి తీసేశారు. గూగుల్ ఫిర్యాదు ఫారం అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం ఉంటుంది, 1998 నాటి డీఎంసీఏ. అవతలివాళ్ళు ఎదురు నోటీసు ఇస్తే, మీరు కోర్టుకి వెళ్ళకపోతే, 10 నుంచి 14 పనిదినాల్లో మళ్ళీ పెట్టేయొచ్చు. మన దగ్గర కూడా 2012 సవరణ తర్వాత కాపీరైట్ చట్టంలో ఇలాంటిది ఉంది, 2013 నిబంధనల ప్రకారం రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే 36 గంటల్లో ఆపాలి, 21 రోజుల్లో మీరు కోర్టు ఆర్డరు తేకపోతే మళ్ళీ తెరుచుకోవచ్చు. నేను లాయర్ని కాదు, పెద్ద విషయమైతే లాయర్ని అడగండి. ఇంకొకటి, గూగుల్‌కి ఇచ్చే ఈ నోటీసులు లూమెన్ అనే డేటాబేసుకి వెళ్తాయి, మీ పేరు అక్కడ కనపడొచ్చు, అది తెలిసే సంతకం పెట్టండి. ఇదే ఫారంని తిరగేసి వాడే మహానుభావులు కూడా ఉన్నారు, పాత తేదీ వేసి నకలు తయారుచేసి, అసలు వ్యాసమే దొంగదని ఫిర్యాదు చేసి తీయించడం.

అడిగితే మనమే ఇచ్చినవి వేరే కథ. ఒక పెద్ద పోర్టల్ వాళ్ళు నా మాగాయ వ్యాసం వేసుకుంటామన్నారు, లింకు ఇస్తామన్నారు, నేను మురిసిపోయి ఇచ్చాను. లింకూ లేదు, పాడూ లేదు, ఇప్పుడు మాగాయకి వాళ్ళే ప్రతినిధి. ఇలాంటప్పుడు అవతలి పేజీలో కెనానికల్ మనవైపు పెట్టించమని చెప్పేవారు, 2023లో గూగుల్ ఆ సలహా మార్చి, వాళ్ళ పేజీని అసలు ఇండెక్స్ కాకుండా, అంటే వెతుకులాట జాబితాలో చేరకుండా, ఆపించుకోమంది. ఏ పోర్టల్ ఒప్పుకుంటుందండీ, వాళ్ళు తీసుకునేదే దానికోసం కదా. కనీసం రెండు మూడు వారాలు ఆగి ఇవ్వండి, ముందు మీ పెరట్లో ఆవుని చూడనివ్వండి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ వెనక, చెప్పండమ్మా.

(ఇప్పుడు ఏఐతో మార్చి రాసేస్తున్నారు కదా మేడం, అది ఎలా పట్టుకోవాలి?)

పట్టుకోవడం కష్టం. పెంకులు కలవవు కాబట్టి అది నకలుగానే లెక్కకి రాదు. 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ నిబంధనల్లో ఇలా గుట్టలు గుట్టలుగా పేజీలు పుట్టించడాన్ని చేర్చింది, యంత్రంతో చేసినా మనిషితో చేసినా. కొంత తగ్గింది, పోలేదు. నా మాగాయ అయితే ఇంగ్లీషులోకి వెళ్ళి తిరిగి తెలుగులోకి వచ్చింది. "ముక్కలు ఊటలోంచి తీసి ఎండబెట్టాలి" అని నేను రాస్తే, "ముక్కలను నీటి బుగ్గ నుండి బయటకు తీయండి" అని వచ్చింది. కోపం కూడా రాలేదు, మా అమ్మకి చదివి వినిపించాను, ఆవిడ మాగాయ కోసం బుగ్గ ఎక్కడ తవ్వాలే అంది.

(కాపీ చేయకుండా రైట్ క్లిక్ ఆపేస్తే?)

మీ పాఠకులకి తప్ప ఎవరికీ ఇబ్బంది కాదు. దింపేవాడు మౌసు పట్టుకోడు, ప్రోగ్రాం పెట్టి దింపుతాడు.

(మరి ఆవకాయ ఇప్పుడు ఎక్కడుందండీ, మొదటి స్థానంలోనేనా?)

నిన్న రాత్రి చూశాను, మూడోది. పైన రెండూ వీడియోలు, వాళ్ళ కష్టం వాళ్ళది, నాకేం పేచీ లేదు. ఐదోది మాత్రం చదువుతుంటే "జాడీకి వాసన కట్టాలి" అని ఉంది. అంటే నన్ను కాపీ కొట్టినవాణ్ణి ఎవరో కాపీ కొట్టారు. ఫోటోల్లో వెతికితే మా మేనత్త గిన్నె ఇంకా నాలుగు చోట్ల ఉంది. ఫోటోలకి లింకులు మళ్ళీ విడిగా ఇవ్వాలి, పేజీ లింకు ఇస్తే పోవు. రెండింటికి ఫారాలు నింపాను, ఇంకో రెండు ఇంటికెళ్ళి నింపాలి. టీ వచ్చినట్టుంది.